తూటాలు నింపడం మొదలుపెట్టేవాళ్లకి ఏం కావాలి

మా టిల్డెన్ ఊళ్లో మగవాళ్లు రెండు రకాలు. ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లు, తూటాలు నింపుకోవడం గురించి మాట్లాడేవాళ్లు. మొదటి రకంవాళ్లు నెలకోసారి నా కౌంటరు దగ్గరికి వచ్చి, కావలసింది తీసుకుని, నాలుగు నిమిషాల్లో వెళ్లిపోతారు. రెండో రకంవాళ్లు పొద్దున్న ఏడున్నరకల్లా వచ్చి, కట్టెల పొయ్యి పక్కన బెంచీ మీద కూర్చుని, మేం ఊరికే పోసే కాఫీ తాగుతూ మధ్యాహ్నం భోజనాలవేళకి లేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఈ కొట్లో దాణా బస్తాలు, మేకులు, తుపాకీ సామాను అమ్ముతున్నాను. నా పేరు వెర్నా. రెండో రకంవాళ్ల గురించి నాకు తెలిసినంత వాళ్ల పెళ్లాలకి కూడా తెలియదు.

బెంచీకి శాశ్వత సభ్యులు ఇద్దరు. ఓరిన్ రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. లైల్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. లైల్ చెల్లెల్ని ఓరిన్ చేసుకున్నాడు. ఆ పెళ్లి జరిగిన నాటినుంచి బావలిద్దరికీ ఒక్క విషయంలో కూడా పడదు, అలాగని ఒకర్ని విడిచి ఒకరు ఒక్క పూట ఉండలేరు. వాళ్ల తగువుల్లో పెద్దది ప్రెస్సు తగువు.

నిజానికి పని చాలా చిన్నది. తుపాకీ పేల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకి తెచ్చి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిళ్ల పెట్టి, తుపాకీ మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్లీ తూటా అవుతుంది. నొక్కడానికి ప్రెస్సు కావాలి. మీట ఒకసారి లాగితే ఒకే పని చేసే ప్రెస్సు మనిషిని మనిషిగా ఉంచుతుందని ఓరిన్ వాదన. ఒకసారి లాగితే ఐదు పనులు చేసే ప్రెస్సు ఉండగా ఒక పని ప్రెస్సు వాడేవాడు ఇంకా గుర్రబ్బండి మీద తిరగాలని లైల్ వాదన. లైల్ ఇంటి నేలమాళిగలో పద్నాలుగు వేల తూటాలున్నాయి. తొమ్మిదేళ్లుగా వాటిలో ఒక్కటీ పేల్చలేదు. ఓరిన్ ఒక్కో తూటాకి మందు తూచడానికి పది నిమిషాలు తీసుకుంటాడు కనక అతని దగ్గర పేల్చడానికి ఎప్పుడూ ఏమీ ఉండదు.

ఇలా ఉండగా జూన్ నెలలో ఒక పొద్దున్న సోల్వే వచ్చింది.

సోల్వే మా ఊరి స్కూలు బస్సు నడుపుతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. సీటు మీద దిండు వేసుకుని కూర్చుంటుందిగానీ ఆ బస్సులో ఒక్క పిల్లాడు గట్టిగా మాట్లాడడు. ఆవిడ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "వచ్చింది వెర్నా," అంది.

ఏం వచ్చిందని అడగక్కర్లేదు. మూస్ దుప్పిని వేటాడే పర్మిట్టు లాటరీలో వస్తుంది. మా మోంటానాలో దానికోసం జీవితమంతా పేరు వేసి, రాకుండానే పోయినవాళ్లున్నారు. సోల్వే ఇరవై మూడేళ్లుగా వేస్తోంది. ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఏడేళ్లదాకా పేరు వెయ్యకూడదు. ఏడేళ్లకి ఆవిడకి అరవై ఐదు. కుడి భుజానికి అప్పటికే ఒక ఆపరేషన్ అయింది. కాబట్టి ఇదే మొదటిది, ఇదే ఆఖరుది. సెప్టెంబరు మధ్యనుంచి నవంబరు ఆఖర్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన ఆదివారం దాకా గడువు.

"అమ్మ రైఫిలుతోనే కొడతాను," అంది. "ఆవిడా నాలాగే పొట్టిది కదా, భుజానికి ఆనే తుపాకీ మడమని పొట్టిగా కోయించుకుంది. వేరేది ఏది పట్టుకున్నా నా కన్ను దుర్బీను దగ్గరికి పోదు, భుజం ఊరుకోదు. కానీ ఆ సైజు తూటాలు ఎక్కడా లేవు. ఉన్నవాటిలో ఆఖరుది కిందటేడాది జింకకి అయిపోయింది."

"ఖాళీ ఇత్తడి ఉందా?"

"అమ్మ దాచినవి ముప్పై ఏడు. ఇంట్లో నింపుకుందామని. నాకు ఆ పని ఓనమాలు తెలియవు. మొదలుపెట్టేవాళ్లకి ఏం కావాలో ఒక చీటీ రాసివ్వు."

చెవిమీదున్న పెన్సిల్ తీశాను. చిన్న ప్రెస్సు, ఆ సైజు అచ్చులు, త్రాసు, గొట్టాలకి రాసే జిడ్డు, గరాటు, కొలతల పుస్తకం, కళ్లద్దాలు. ఏడు వస్తువులు. అన్నీ కలిపి ఒక సంచిలో పడతాయి. పెన్సిల్ కాగితానికి ఆనిందో లేదో బెంచీ మీంచి ఓరిన్ గొంతు సవరించుకున్నాడు.

"మొదలుపెట్టేవాళ్లంటే ఎవరు, సోల్వేనా?" అంటూ కప్పుతో సహా లేచాడు. "చూడమ్మాయ్, ఇప్పుడు నువ్వు ఏం కొంటావో దాంతోనే చచ్చేదాకా బతకాలి. తొందరపడకూడదు."

"మొదలు తప్పు పెట్టావంటే అంతే సంగతి," అంటూ లైల్ కూడా లేచాడు. "మా బావ చెప్పినట్టు చేశావనుకో, వచ్చే జన్మకి పది తూటాలు తయారవుతాయి."

"ఆవిడకి పదే కావాలి కదరా."

"ఇవాళ పది. రేపు? ఆలోచన ఉండాలి బావా."

నేను పెన్సిల్ మళ్లీ చెవి మీద పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే, ఉన్నమాట చెప్తాను, నాకు సరదా వేసింది. పొద్దున్న ఏడున్నరనుంచి ఒకే కబుర్లు వినీ వినీ ప్రాణం విసిగి ఉంది. కొత్త మనిషి దొరికింది కదా, చూద్దాం అనుకున్నాను.

మర్నాటికి ఇద్దరూ చెరో చీటీ రాసుకొచ్చారు. ఓరిన్ చీటీలో పంతొమ్మిది వస్తువులు, లైల్ చీటీలో ముప్పై ఒకటి. రెండింటి పైనా 'మొదలుపెట్టేవాళ్లకి' అనే ఉంది. రెండు చీటీల్లోనూ ఉన్న వస్తువు ఒక్కటే, కళ్లద్దాలు. దాంట్లోనూ ఓరిన్ పసుపు రంగు అద్దాలు రాశాడు, లైల్ తెల్లవి రాశాడు. సోల్వే పద్ధతిగల మనిషి. పెద్దవాళ్లిద్దరూ కష్టపడి రాశారు కదా అని రెండు చీటీల్లోంచీ కొన్ని కొన్ని కొంది. నేనే అమ్మాను. మిగిలినవి బావలిద్దరూ తమ తమ నేలమాళిగల్లోంచి తెచ్చి ఆవిడ గ్యారేజీలో దించారు.

జులై అంతా బల్ల దగ్గరే గడిచిపోయింది. ప్రెస్సు బిగించడానికి బల్ల కావాలి. నిలబడి లాగేంత ఎత్తు ఉండాలని ఓరిన్ ఒక ఆదివారం బల్ల కట్టాడు. మరుసటి ఆదివారం లైల్ వచ్చి దాని కాళ్లు కోశాడు.

"కూర్చుని చెయ్యాల్సిన పని బావా ఇది. నిలబడితే మనిషి ధ్యాస మోకాళ్ల మీదికి పోతుంది. మందు ఎక్కువ పడుతుంది."

"నీకు ఎప్పుడు పడింది ఎక్కువ?"

"పడలేదు. ఎందుకు పడలేదూ, కూర్చున్నాను కాబట్టి."

"నువ్వు కూర్చోవడంలో దిట్టవని ఊరందరికీ తెలుసు. బల్ల కాళ్లు కొయ్యడం మాత్రం మీ అమ్మ నేర్పలేదు నీకు. ఇటు చూడు, ఊగుతోంది."

ఊగుతున్న కాలి కింద చెక్కముక్క పెట్టారు. ఆ చెక్క ఓక్ అయి ఉండాలా పైన్ అయి ఉండాలా అనేదానికి ఇంకో ఆదివారం పట్టింది. సోల్వే కారు గ్యారేజీలోంచి వీధిలోకి వచ్చేసింది.

ఆగస్టులో ఇత్తడి కడగడం మొదలైంది. గొట్టాలు మెరిసేదాకా ఒక గిరగిర తిరిగే డబ్బాలో పొట్టు వేసి తిప్పుతారు. ఓరిన్ మొక్కజొన్న కండెల పొట్టు పోసి రాత్రీ పగలూ తిప్పాడు. బంగారంలా వచ్చాయి. లైల్ వచ్చి చూసి, కండెల పొట్టుతో వచ్చే మెరుపు పైపై మెరుపని తేల్చి, అక్రోటు తొక్కల పొడి పోసి మళ్లీ తిప్పాడు. ఓరిన్ వచ్చి అక్రోటు ధూళి తగలకూడదని మళ్లీ కండెల పొట్టు పోశాడు. అలా ముప్పై ఏడు గొట్టాలు మూడు వారాలు తిరిగాయి. తన తల్లి వాటి మీద సూదితో గీసుకున్న చిన్న చిన్న గుర్తులు అరిగిపోయాయని సోల్వే ఒకరోజు నాతో అంది. అని, "పోన్లే, శుభ్రంగా అయితే ఉన్నాయి," అని వెళ్లిపోయింది. ఆ రోజైనా నేను నోరు తెరవాల్సింది.

స్కూళ్లు తెరిచారు. ఆవిడకి ఆదివారాలు తప్ప తీరిక లేదు. సెప్టెంబరు పదిహేను వచ్చింది, గడువు మొదలైంది. పర్మిట్టు వచ్చిన మిగతావాళ్లు ఒక్కొక్కరే దుప్పిని కొట్టి, ట్రక్కు వెనక కొమ్ములు కనపడేలా ఊరంతా తిప్పి ఇళ్లకి పోతున్నారు. సోల్వే గ్యారేజీలో రెండు ప్రెస్సులు, మూడు త్రాసులు, తేమ పీల్చే యంత్రం, కీళ్లు వంగే దీపం, గోడకి మంటలార్పే డబ్బా, తూటాలు సర్దడానికి నీలం రంగు పెట్టెలు నలభై ఉన్నాయి. తూటా ఒక్కటి లేదు.

"ఎప్పుడు మొదలుపెడతారు?" అని బెంచీనడిగాను ఒకసారి.

"మొదలుపెట్టేవాళ్లకి తొందర పనికిరాదు వెర్నా," అన్నాడు ఓరిన్.

"నువ్వు సామాను అమ్ముతావు కాబట్టి నీకు అలా అనిపిస్తుంది," అన్నాడు లైల్. "అమ్మడం వేరు, చెయ్యడం వేరు."

అలా అక్టోబరు ఆఖరి ఆదివారం వచ్చింది. మొదటి గొట్టాన్ని అచ్చులో నొక్కే ముహూర్తం ఆరోజే పెట్టారు. నేను గుమ్మడికాయ గుజ్జు పెట్టి తీపి రొట్టె ఒకటి కాల్చి పట్టుకెళ్లాను. రొట్టె ఇవ్వడానికి వెళ్లానని చెప్పుకున్నాను గానీ, తమాషా చూడ్డానికే వెళ్లాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి తెలియాలి. గొట్టాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కేముందు పైన పల్చగా జిడ్డు రాయాలి. రాయకపోతే ఇత్తడి ఉక్కుని పట్టేసుకుంటుంది, ఇక రాదు. ఓరిన్ మైనం రాస్తాడు. లైల్ స్ప్రే కొడతాడు. ఆరోజు ఓరిన్ తెల్లారకుండా వచ్చి ముప్పై ఏడింటికీ వేలితో ఓపిగ్గా మైనం రాసి, వరసగా నిలబెట్టి, చేతులు కడుక్కోడానికి లోపలికి వెళ్లాడు. లైల్ అప్పుడే వచ్చాడు. మైనం చూసి మొహం చిట్లించి, జేబులోంచి గుడ్డ తీసి, మొదటి గొట్టాన్ని నున్నగా తుడిచాడు. స్ప్రే డబ్బా తీసి మూత మీద వేలు పెట్టాడు. అప్పటికి ఓరిన్ తిరిగొచ్చాడు.

"ఆ గుడ్డ ఏవిటి చేతిలో?"

"మైనం పెడితే తూటా మెడ దగ్గర సొట్టలు పడతాయి బావా. లక్షసార్లు చెప్పాను."

"నలభై ఏళ్లు పెట్టాను నేను. ఎక్కడ పడ్డాయి సొట్టలు? చూపించు."

"చూపించడానికి నువ్వు చేసిన తూటా ఒకటుండాలి కదా."

లైల్ స్ప్రే డబ్బా బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు, వాదనకి రెండు చేతులూ కావాలి అతనికి. సోల్వే వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. గోడ మీద గడియారం చూసింది. అంతా అయిందనుకుని తుడిచిన గొట్టం తీసి ప్రెస్సులో పెట్టింది. నేను రొట్టె కోస్తున్నాను. తుడవడం చూశాను. మూత తియ్యకపోవడమూ చూశాను. చెప్పడానికి నాకు నిండా అర నిమిషం వ్యవధి ఉంది. కత్తికి అంటిన గుమ్మడికాయ గుజ్జు తుడుచుకుంటూ ఆ అర నిమిషం ఖర్చుపెట్టాను.

సోల్వే మీట లాగింది. కిర్రుమంది. సగం దూరం వెళ్లి ఆగింది. బలంగా లాగింది. వెనక్కి తియ్యబోతే గొట్టం అడుగు అంచు చిరిగి ఊడొచ్చింది, గొట్టం అచ్చులోనే ఉండిపోయింది. నాలుగు నెలల్లో ఆ గ్యారేజీ నిశ్శబ్దంగా ఉండడం అదే మొదటిసారి.

"అచ్చు మంచిది కాదు," అన్నాడు లైల్ కాసేపటికి.

"దానికి కంపెనీకి పంపడం ఒక్కటే దారి," అన్నాడు ఓరిన్. నాలుగు నెలల్లో వాళ్లిద్దరూ ఒక మాట మీదకి రావడం కూడా అదే మొదటిసారి. "ఆరు వారాల్లో పంపిస్తారు."

గడువు నాలుగు వారాలుంది. సోల్వే గ్యారేజీ తలుపు పైకెత్తి పట్టుకుని నిలబడింది. బావలిద్దరూ టోపీలు పెట్టుకుని వెళ్లిపోయారు, నేనూ వెళ్లిపోయాను. నా రొట్టె అక్కడే ఉండిపోయింది.

సోమవారం పిల్లల్ని స్కూల్లో దింపి ఆవిడ కొట్టుకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది, ఆరోజు ఇద్దరికీ ఒకేసారి జలుబు చేసిందట. సోల్వే అచ్చు తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

గొట్టం ఇరుక్కున్న అచ్చులు నేను ఇప్పటికి నలభై దాకా చూసి ఉంటాను. పొద్దున్న జనం లేని వేళ చూసి, వెనక తలుపునుంచి ఒక్కొక్కరే తెస్తారు. "వెర్నా, ఇది నా స్నేహితుడిది, పాపం వాడికి చేతకాదు," అంటారు. నేను వెనక గదిలోకి తీసుకెళ్లి, గొట్టం అడుగున బెజ్జం వేసి, మరలు కోసి, బోల్టు బిగించి బయటికి లాగుతాను. మా నాన్న లేతు మెషీన్ మీద పనిచేసేవాడు, ఆయన దగ్గర నేర్చుకున్నాను. పావుగంట పని. ఎవరిదని అడగను, ఎవరికీ చెప్పను. ఓరిన్ స్నేహితుడివి నాలుగు తీశాను. లైల్ స్నేహితుడివి ఏడు. ఈ ఊళ్లో ఇంత చేతకాని స్నేహితుడు ఎవరో నాకు ఇప్పటికీ కనపడలేదు.

"ఇది నాదే వెర్నా," అంది సోల్వే. "నేనే పాడుచేశాను. ఏమన్నా అవుతుందా?"

వెనక గదిలోకి తీసుకెళ్లి ఆవిడ ముందే తీశాను. గొట్టం టక్కున ఊడి చేతిలో పడింది. అచ్చు లోపల గుడ్డతో తుడిచి దీపానికి పట్టి చూపించాను. గీత కూడా పడలేదు.

సోల్వే అచ్చు వంక కాదు, నా వంక చూసింది. "ఇంత తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు?"

"నన్ను ఎవరడిగారు?" అన్నాను. ఈ మాట నేను ఇరవై రెండేళ్లుగా అనుకుంటున్నదే. అనుకున్నప్పుడల్లా నాకు చాలా న్యాయంగా తోచేది.

"నేను అడిగాను. మొదటిరోజే. వాళ్లని కాదు, నిన్నే."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్లిద్దర్నీ చూసి నవ్వుకుంటూ కూర్చున్నాను, ఆ నవ్వుకి ఆవిడ వేసవి అంతా పోయింది. పైగా రెండు చీటీల సామానూ అమ్మింది నేనే.

"వచ్చే ఆదివారం వస్తాను," అన్నాను. "గ్యారేజీలోకి వద్దు. వంటింట్లో బల్ల ఖాళీ చేసి ఉంచు."

ఆదివారం ఒక సంచి పట్టుకుని వెళ్లాను. చిన్న ప్రెస్సుని ఒక పలకకి బిగించి, పలకని వంటింటి బల్లకి బిగించాం. నేను పక్కన కూర్చుని చెప్పాను, ప్రతి పనీ ఆవిడే చేసింది. జిడ్డు ఆవిడే రాసింది, మీట ఆవిడే లాగింది. కొలతల పుస్తకం తెరిచి పేజీలో ఉన్నంతే, రవ్వ అటూ ఇటూ కాకుండా తూచి పోసింది. మందు పోసేటప్పుడు మాట్లాడొద్దన్నాను. పోశాక గుండు బిగించేముందు ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి, అన్నింటిలోనూ మందు ఒకే ఎత్తున ఉందో లేదో ఇద్దరం చూశాం. భోజనం అయ్యాక మొదలుపెడితే వెలుతురు పోకముందే ఇరవై తూటాలు తయారయ్యాయి. సోల్వే వాటిని గుడ్ల పెట్టెలో నిలబెట్టి, చాలాసేపు చూసి, "ఇంతేనా?" అంది.

"ఇంతే."

"నాలుగు నెలలు," అంది. నేను సంచి సర్దుకున్నాను.

ఆ శనివారం కౌంటీవాళ్ల రేంజికి, అంటే తుపాకీ గురి చూసుకునే మైదానానికి వెళ్లాం. కొత్తగా నింపిన తూటాలు ముందు కాగితం మీద పేల్చి చూడాలి. వార్త ఎలా తెలిసిందో, బావలిద్దరూ అప్పటికే అక్కడున్నారు, జలుబు తగ్గింది. మా రేంజిలో బల్లల వెనక నేల మీద పసుపు గీత ఉంటుంది. పేల్చేవాళ్లు గీతకి ముందు, చూసేవాళ్లు గీతకి వెనక. ఓరిన్, లైల్ గీత వెనక నిలబడ్డారు. నేను సోల్వే పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

మావాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఒకరు నింపిన తూటా ఇంకొకరు పేల్చరు. అన్నదమ్ములైనా సరే, మొగుడూ పెళ్లాలైనా సరే. మందు ఎక్కువ పడితే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది, కన్ను పోతుంది. ఈ మాట నేనే కౌంటరు మీద బోర్డు రాసి పెట్టాను, వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపిస్తాను.

సోల్వే మొదటి తూటా లోపల పెట్టి తుపాకీ బోల్టు మూసింది. చెంప తుపాకీ మడమకి ఆనించింది. మళ్లీ ఎత్తేసింది. ఇరవై మూడేళ్లు ఎదురుచూసిన మనిషి, ముందువారం దాకా ఈ పని ఓనమాలు తెలియని మనిషి, భయపడదూ మరి.

వెనక్కి తిరిగి, "ఒక్కటి ఎవరైనా ముందు పేల్చి చూస్తారా?" అంది.

"నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయిందమ్మాయ్," అన్నాడు ఓరిన్. కళ్లజోడు అతని ముక్కు మీదే ఉంది. దూరపుచూపుది ఇంట్లో ఉందని సర్దుకున్నాడు.

"పేల్చేవాణ్నే," అన్నాడు లైల్. "కానీ రూలు రూలే కదా. రేపు ఏదన్నా అయితే నిన్నే అంటారు. నీ మంచికే చెప్తున్నా."

సోల్వే నా వంక చూసింది.

ఆ ఇరవై తూటాల్లో ఒక్కొక్కదానిలోకీ టార్చి వేసి చూసింది నేను. త్రాసు సరిచేసింది నేను. వాటిలో ఏ తప్పూ లేదని ఈ భూమ్మీద ఎవరికైనా తెలుసంటే అది నాకు. "నీ తూటా నువ్వే పేల్చాలి సోల్వే," అన్నాను, "పద్ధతి అదే." గొంతు బాగానే వచ్చింది. కానీ ఆ మాట అంటూనే నేను స్టూలు మీంచి లేచాను. లేచి రెండు అడుగులు వెనక్కి వేశాను. పసుపు గీత దాటి ఓరిన్ పక్కన నిలబడ్డాక గానీ నేను లేచానని నాకే తెలియలేదు. సోల్వే నా మొహం చూడలేదు. నా కాళ్ల వంక చూసింది. తిరిగి చెంప ఆనించి పేల్చింది.

మామూలు చప్పుడే వచ్చింది. దుర్బీనులో చూస్తే గురి కాగితం నడిమి చుక్కకి అంగుళం పైన చిల్లు పడింది. మరో రెండు పేల్చింది. మూడు చిల్లుల్నీ ఒక బిస్కెట్టుతో మూసేయొచ్చు.

బావలిద్దరూ గీత దాటి పరిగెత్తుకొచ్చారు. మొక్కజొన్న పొట్టు వెయ్యబట్టే ఇత్తడి ఇంత నిలకడగా ఉందని ఓరిన్ అన్నాడు. అక్రోటు తొక్కలతో కడిగిన తర్వాతే కదా బావా అది నిలిచిందని లైల్ అన్నాడు. సోల్వే ఖాళీ గొట్టాలు మూడూ ఏరుకుని జేబులో వేసుకుంది. నేను ఏదో చెప్పబోయాను, ఆవిడ అప్పటికే రైఫిలు సంచిలో పెడుతోంది. దారిలో మంచు గురించీ బస్సు టైర్ల గురించీ మాట్లాడుకున్నాం.

థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు, గడువు ఇంకో రెండు రోజులుందనగా, సోల్వే బస్సు షెడ్డు మెకానిక్ ఫే అనే ఆవిడని తోడు తీసుకుని కొండ అవతలి చిత్తడి నేలల్లోకి వెళ్లింది. నన్ను రమ్మని అడగలేదు. నాకు కొట్లో రద్దీ, అడిగినా వెళ్లేదాన్ని కాదేమో. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి దుప్పి కనపడింది. ఒక్క తూటా. ఆ మాంసాన్ని ముక్కలు చేసి మోసుకురావడానికి ఇద్దరు ఆడవాళ్లకి రెండు రోజులు పట్టిందని ఫే చెప్పింది. కొట్టాక సోల్వే దాని పక్కన మంచులో మోకాళ్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిందని కూడా చెప్పింది.

తర్వాతి వారం సోల్వే కొట్టుకి మూడు పొట్లాలు తెచ్చింది. కసాయి కొట్టు తెల్లకాగితంలో చుట్టి, మీద పేర్లు రాసి ఉన్నాయి. ఓరిన్‌ది ఓరిన్‌కి, లైల్‌ది లైల్‌కి ఇచ్చింది, మూడోది నా ముందు పెట్టింది. లైల్ తనది మేకులు తూచే త్రాసు మీద పెట్టి చూశాడు. ఓరిన్‌ది పెట్టి చూశాడు. నాది కూడా లాక్కుని పెట్టాడు. మూడూ సమానంగా తూగాయి. ఇద్దరూ తృప్తిగా బెంచీకి వెళ్లి, మూస్ మాంసం సన్నమంట మీద ఉడకాలా పెనం మీద వేగాలా అని మొదలుపెట్టారు.

"వాళ్లకీ నాకూ ఒకటేనా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. మనసులో మాత్రం గట్టిగా గుచ్చుకుంది.

సోల్వే చేతికి గ్లవుజులు తొడుక్కుంటోంది. కోపంగా లేదు. బస్సులో పిల్లలకి దిగాల్సిన చోటు చెప్పినట్టే చెప్పింది. "ఆరోజు నేను పేల్చేముందు చూసినప్పుడు ముగ్గురూ గీత వెనక వరసగా ఉన్నారు వెర్నా. ఎవరికి ఎక్కువ ఇవ్వాలో నాకు తెలియలేదు."

పదకొండున్నరకి చిన్నపిల్లల్ని ఇళ్లకి దింపాలని వెళ్లిపోయింది.

నా పొట్లం తీసుకుని వెనక గదిలో ఫ్రిజ్ తెరిచాను. బావలిద్దరివీ ఇంటికెళ్లేదాకా ఉండనిమ్మని అప్పటికే అక్కడ పెట్టారు, ఓరిన్‌ది ఒక పక్కన, లైల్‌ది ఒక పక్కన. మధ్యలో చోటుంది. నాది అక్కడ పెట్టి తలుపు మూశాను.